దారిలో బేరం

నాగుల్ మీరా పొట్టేలు నోరు తెరిచి కింది పళ్ళు చూస్తుండగా కోటమ్మ అడిగింది, సంతలో రేటు ఎట్టా ఉందని.

అతను బొటనవేలితో పెదవిని కిందికి లాగి పట్టుకుని, ముందరి పళ్ళు రెండూ నిండుగా వచ్చాయో లేదో చూశాడు. వచ్చాయి. పెదవి వదిలేసి, నడుము మీద చెయ్యేసి, వెన్నుపూసకు అటూ ఇటూ వేళ్ళతో నొక్కాడు. ఎముక తగల్లేదు. బొల్లాపల్లి దాటాక కొండ వారనున్న ఊరది. మే నెల ఎండకు పచ్చ అన్నది కంటికి కనిపించని చోట ఇంత కండ పట్టిన పొట్టేళ్ళను మేపడం మాటలు కాదు.

"రోగమొచ్చి సంతలు మూసేశారంట గదా. కొనేవాళ్ళే లేరంటన్నాడు మా మరిది," అంది కోటమ్మ మళ్ళీ.

మూసిన మాట నిజమే. అది పోయిన నెల సంగతి. గొర్రెలకు మూతివాపు తగిలిందని రెండు వారాలు మూసి, మళ్ళీ తెరిచారు. ఇవాళ మంగళవారం, బక్రీదు ఇంకా ఎనిమిది రోజులే ఉంది. సరుకు ఆగిపోయి ఉండటంతో హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు ఎగబడి కొన్నారు. తొమ్మిది వేలు పలికే పొట్టేలు పద్నాలుగుకు పోయింది. పోయిన శనివారం నాగుల్ మీరా ఆ సంతలోనే ఉన్నాడు.

అతను రెండో పొట్టేలు నోరు తెరిచాడు.

"కాలం బాగలేదులే పిన్నీ," అన్నాడు పళ్ళ వంక చూస్తూ.

కోటమ్మ తొందర కోటమ్మది. ఆమె మొగుడు వీరయ్య మేత కోసం తుమ్మ కొమ్మలు నరుకుతూ చెట్టు మీద నుంచి పడి, తొడ ఎముక విరిగి, మూడు రోజులుగా నరసరావుపేట పెద్దాసుపత్రిలో ఉన్నాడు. శుక్రవారం రాడ్డు వేస్తామన్నారు. ఆడ గొర్రెల్ని మరిది తన మందలో కలుపుకున్నాడు గానీ, ఒకదాన్నొకటి పొడుచుకునే ఇరవై రెండు పొట్టేళ్ళను తన వల్ల కాదన్నాడు. వీటిని ఎవరికో ఒకరికి అప్పజెప్పి ఆమె మంచం దగ్గరికి చేరాలి. ఒక్కోటి తొమ్మిది వేలకు ఒప్పుకుంది. సగం ఇప్పుడు, సగం శనివారం సంత అయ్యాక.

వ్యాను వెనక తలుపు దించి నిలబడ్డ జానీ బాషా నాగుల్ మీరాకు బావమరిది. వ్యాను అతనిది, పెట్టుబడి ఇద్దరిదీ. తొమ్మిది అన్న మాట చెవిన పడగానే అతను తల పక్కకు తిప్పుకుని తాడు సర్దడం మొదలుపెట్టాడు. మొహంలో సంతోషం కనపడకుండా ఉండటానికి అతను అట్లాగే చేస్తాడు.

పొట్టేళ్ళు మగవాళ్ళ మాట వినలేదు. కోటమ్మే ఒక్కోదాన్ని చెవి పట్టి నడిపించుకొచ్చి, మోకాలితో వెనక నుంచి నెట్టి ఎక్కించింది. అన్నీ ఎక్కాక సంచీ ఒకటి తెచ్చుకుని, ఆసుపత్రి దాకా తనని కూడా తీసుకుపొమ్మంది. కాదనడానికి ఏ కారణమూ లేదు.

ముగ్గురూ ముందు సీట్లో కూర్చున్నారు. పట్నం ఇంకా నాలుగు కిలోమీటర్లుండగా జానీ బాషా రోడ్డు దిగి పొలాల మధ్య మట్టి దారి పట్టాడు. నేరుగా వెళితే సంత మైదానం రోడ్డు పక్కనే వస్తుంది. పండగ వారం కాబట్టి సంత లేని రోజు కూడా అక్కడ మందలు కట్టేసి ఉంటాయి, బేరాలు రోడ్డు మీదికి వినిపిస్తాయి. ఇటెందుకని కోటమ్మ అడిగితే, రోడ్డు తవ్వేశారని చెప్పాడు జానీ బాషా. నాగుల్ మీరా ముందు అద్దంలోంచి దుమ్ము వైపు చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు కోటమ్మ వ్యాను వెనక్కి వెళ్ళి, ఊచల సందులోంచి చెయ్యి పెట్టి అందిన పొట్టేలునల్లా తడిమి, ఆసుపత్రి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున ఆమె మేతకు సుబాబుల్ రొట్ట మోపు నెత్తిన పెట్టుకుని నాగుల్ మీరా ఇంటికొచ్చింది. అడ్రసు ఎవరిని అడిగిందో, గేటు తీసుకుని నేరుగా పెరట్లోకి నడిచింది. ఆసుపత్రి వెనక కాలవ గట్టున చెట్లున్నాయనీ, ఊరికే మంచం పక్కన కూర్చుంటే చేతులు గుంజుతున్నాయనీ రషీదాతో చెప్పింది. రషీదా నాగుల్ మీరా భార్య. ఆమె టీ పెట్టిచ్చి, తర్వాత రెండు రొట్టెలు కూడా పెట్టింది. కోటమ్మ నీడన గొంతుక్కూర్చుని తిని, గ్లాసు కడిగి బోర్లించి, రొట్టను నాలుగు చోట్ల వేలాడగట్టింది. బలమైనవి ముందుకొచ్చి తినేస్తాయని, వెనకబడే వాటిని విడిగా పట్టుకుని తినిపించింది.

అదే సమయానికి పొట్టేలు చూద్దామని నకరికల్లు నుంచి ఇద్దరొచ్చారు. గేటు దగ్గరే నిలబడి, ఎంత చెబుతున్నారని అడిగారు. నాగుల్ మీరా గబగబా వాళ్ళకు ఎదురెళ్ళి, ఇప్పుడు కాదు సాయంత్రం రండి అన్నాడు. వాళ్ళు వింతగా చూశారు. అంత దూరం నుంచి వచ్చామనీ, పద్నాలుగుకిస్తావా అనీ వాళ్ళలో పెద్దాయన అంటుండగానే నాగుల్ మీరా గేటు మూసేశాడు. వెనక్కి తిరిగి చూస్తే, కోటమ్మకు తన చెవి దగ్గర మేస్తున్న పొట్టేలు కరకరలు తప్ప ఏమీ వినిపించినట్టు లేదు. 

ఆమె వెళ్ళాక జానీ బాషా వచ్చి విషయం విని మండిపడ్డాడు. హైదరాబాదు బేరగాడికి మొత్తం ఇరవై రెండూ శనివారం పొద్దున పద్నాలుగు లెక్కన ఇస్తానని తను ఒప్పుకున్నాడనీ, ఈ మూడు రోజులూ ఆమెను పెరట్లో తిరగనిస్తే ఎవడో ఒకడు నోరు జారతాడనీ అన్నాడు. పొట్టేళ్ళు బెదురుతున్నాయని చెప్పి రావద్దనమన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ రషీదా అంతా విన్నది. ఏం నోరు జారతారని తమ్ముణ్ణి అడిగింది. అతను బావ వంక చూశాడు. బావ చెప్పులు వేసుకుని బయటికెళ్ళిపోయాడు.

గురువారం కూడా కోటమ్మ వచ్చింది. రషీదా టీ ఇచ్చింది గానీ, ఆమె దగ్గర నిలబడలేదు. గ్లాసు అరుగు మీద పెట్టి లోపలికి పోయింది.

ఆ సాయంత్రం ఖాజా మొహిద్దీన్ మాస్టారు వచ్చాడు. ఉర్దూ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఏటా బక్రీదు నాడు ఖుర్బానీగా కోసే పొట్టేలును నాగుల్ మీరా దగ్గరే తీసుకుంటాడు. ఆయన కొనే తీరు అందరిలాంటిది కాదు. ఖుర్బానీ జీవానికి ఏ లోపమూ ఉండకూడదని కొమ్ము మొదలు పట్టుకు చూస్తాడు, చెవులు విప్పి చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. ఆ రోజు కూడా ఒకదాన్ని అట్లా నడిపిస్తూ, ఎక్కడివని అడిగాడు. నాగుల్ మీరా ఊరు చెప్పాడు. ఎవరివని అడిగాడు. కోటమ్మ సంగతి, వీరయ్య కాలు సంగతి చెప్పాడు. ఆమె పట్నంలోనే ఉందనీ, రోజూ మేత తెస్తోందనీ కూడా చెప్పాడు. ఆ మాట చెప్పడంలో తనకు తెలియకుండానే కాస్త మంచితనం చూపించుకోబోయాడు.

మాస్టారు తాడు వదిలేశాడు.

"ఆమెకు సంత రేటు తెలుసా?"

నాగుల్ మీరా చాలా మాటలు చెప్పాడు. తను బలవంతం చెయ్యలేదన్నాడు. ఉప్పు తవుడు పెట్టి, కడవల కొద్దీ నీళ్ళు తాగించి, పొట్టలు ఉబ్బించి అమ్మే వ్యాపారం ఏనాడూ చెయ్యలేదన్నాడు. సగం సొమ్ము ముందే ఇచ్చానన్నాడు. ఒక్క అబద్ధం కూడా ఆడలేదన్నాడు.

"అబద్ధమాడావని నేననలేదు మీరా." మాస్టారు అరుగు మీద కూర్చుని చేతి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "సరుకు తోలుకొచ్చేవాళ్ళకు ఎదురెళ్ళి, వాళ్ళు బజారు చేరకముందే దారిలో కొనొద్దన్నారు ప్రవక్త. ఎందుకంటే వాళ్ళకు ధర తెలియదు, నీకు తెలుసు. ఒకవేళ కొన్నావే అనుకో, ఆ సరుకు గలాయన బజారుకొచ్చి ధర విన్నాక, బేరం ఉంచుకోవటమా తిప్పుకోవటమా అన్నది ఆయన ఇష్టం. నీ ఇష్టం కాదు. ఆమె బజారుకొచ్చింది. నీ పెరట్లోనే ఉంది. వినటం ఒక్కటే మిగిలింది."

పొట్టేలు మీ కోసం పట్టి ఉంచనా అని అడిగాడు నాగుల్ మీరా. ఆమెకు చెప్పాక కబురు పంపు, వస్తానన్నాడు మాస్టారు. గేటు ఆయనే మూసుకుని వెళ్ళాడు.

రాత్రి అన్నం తిని అతను కంచంలో చెయ్యి కడుక్కుంటుంటే రషీదా అడిగింది.

"ఏమయ్యా, రేపూ వస్తదామె. నేను ఏ మొహం పెట్టుకుని టీ ఇయ్యాల?"

వ్యాను కొనుక్కుంటే జానీ మీద ఆధారపడే పని ఉండదని, ఈ పండక్కి నాలుగు డబ్బులు మిగిలితే ముందు అదే చేద్దామని రంజాను నెల నుంచీ అంటున్నది రషీదాయే. అతనా సంగతి గుర్తు చేద్దామనుకున్నాడు. ఆమె అప్పటికే కంచం తీసుకుని లేచింది.

శుక్రవారం జుమా నమాజుకు జానీ బాషా, అతనూ పక్కపక్కనే నిలబడ్డారు. బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు నాగుల్ మీరా తన ఉద్దేశం చెప్పాడు. జానీ బాషా ఒక చెప్పు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

"నీకేమన్నా గాలి సోకిందా బావా? ఆమె అడగలా, మనం చెప్పలా. యాపారమంటే అంతే గదా."

"అడిగింది జానీ. రెండు సార్లడిగింది."

జానీ బాషా గొంతు పెంచలేదు. మసీదు ముందు జనం ఉన్నారు. పద్దెనిమిదేళ్ళ నుంచి ఎన్ని ఊళ్ళు తిరిగి కొన్నాం, ఎంతమందికి సంత రేటు చెప్పి కొన్నావు, వాళ్ళందరికీ ఇప్పుడు తిరిగిస్తావా అని అడిగాడు. నాగుల్ మీరాకు ఆ ప్రశ్న సరైనదే అనిపించింది. జానీ బాషా మాత్రం తనకు వ్యాను వాయిదాలున్నాయనీ, హైదరాబాదు బేరగాడికి మాట తప్పలేననీ, గురజాల వైపు వెళ్ళి వేరే మంద పట్టుకుంటాననీ, ఇక బావకూ తనకూ వ్యాపారంలో పొత్తు లేదనీ చెప్పి, రెండో చెప్పు కింద పడేసి వేసుకుని వెళ్ళిపోయాడు.

నాగుల్ మీరా ఆసుపత్రికి నడిచే వెళ్ళాడు. వీరయ్యను అప్పుడే ఆపరేషన్ గది నుంచి తెచ్చారు, ఇంకా మత్తులో ఉన్నాడు. వరండాలో గోడకానుకుని కూర్చున్న కోటమ్మ అతన్ని చూసి లేచింది. పలకరించడానికి వచ్చాడనుకుని, బాగానే అయిందన్నారని చెప్పింది. అతను తల ఊపాడు. చెప్పదలుచుకున్నది దారంతా కూడబలుక్కున్నాడు గానీ, ఆ వరుసలో రాలేదు.

"మొన్న నువ్వు సంత రేటు అడిగావు పిన్నీ. నేను చెప్పలా. సంతలు తెరిచి రెండు వారాలయింది. నీ పొట్టేళ్ళలాంటివి పద్నాలుగు పలుకుతున్నాయి. బేరం ఇప్పుడు నీ ఇష్టం. ఉంచితే ఆ లెక్కన ఇస్తాను. వద్దంటే నీ జీవాలు నువ్వు తోలుకుపో."

కోటమ్మ అతని మొహంలోకి చూసింది. ఆమెకు కోపం వస్తుందనుకున్నాడు, లేకపోతే ఏడుస్తుందనుకున్నాడు. రెండూ జరగలేదు. ఆమె కళ్ళు చిన్నవయ్యాయి.

"వాటికి రోగం తగిలిందా?"

"లేదు పిన్నీ."

"మరి ఇప్పుడెందుకు చెప్తన్నావు? కొంటానన్నోడు ఎగ్గొట్టాడా? ఇంకేమన్నా ఉందా?"

మాస్టారు చెప్పిన మాట నాలిక చివరికొచ్చింది. కానీ ఇంత చేశాక, ఈ నోటితో ప్రవక్త పేరు ఎత్తడానికి అతనికి సిగ్గేసింది. అట్లా ఎత్తితే అది కూడా బేరంలో ఒక మాటలాగే వినపడుతుందనిపించింది.

"చెప్పాల్సింది చెప్పలేదు. అంతే," అన్నాడు.

ఆమె నమ్మలేదు. పక్క మంచం వాళ్ళకు వీరయ్యను చూస్తుండమని చెప్పి, కొంగు నడుముకు చుట్టి, అతని కంటే ముందు నడిచింది. పెరట్లో ఇరవై రెండింటినీ ఒక్కోటిగా పట్టించింది. అతను మెడ పట్టుకుంటే, ఆమె నోట్లో వేలు పెట్టి నాలిక కిందా చిగుళ్ళ మీదా తడిమింది. గిట్టల సందులు వాసన చూసింది. అంతా అయ్యేసరికి ఎండ గోడ మీదికెక్కింది. అతని మోచేతులు గీరుకుపోయి నెత్తురొచ్చింది. రోగం ఎక్కడా లేదు. అది ఆమెను ఇంకా అనుమానంలో పడేసినట్టుంది.

"పద్నాలుగు నువ్విస్తానంటే, అది ఇంకెంత ఉందో," అంది. "రేపు నేనే తోలుకుపోతా సంతకి."

అతనిచ్చిన సగం సొమ్ము సంచీలో కట్ట విప్పకుండానే ఉంది. దాన్ని అరుగు మీద రషీదా పక్కన పెట్టింది. వ్యాను కిరాయి సరుకు అమ్మాక ఇస్తానంది.

శనివారం తెల్లవారుతుండగా కోటమ్మ, నాగుల్ మీరా మందను రోడ్డెక్కించారు. నాలుగు కిలోమీటర్లు. పొట్టేళ్ళు తెలియని దారి చూసి బెదిరి లారీలకు అడ్డం పడబోతే, నాగుల్ మీరా వెనక నుంచి కర్ర అడ్డం పెట్టి ఆపాడు. ఆమె ముందు నడిచింది.

మైదానం అప్పటికే నిండిపోయింది. కృష్ణా నది అవతల నుంచి రాత్రికి రాత్రి లారీల్లో మందలు దిగాయి. జానీ బాషా వ్యాను మైదానానికి అవతలి గట్టు మీద కనిపించింది. అతను చూసి, చూడనట్టు ఉండిపోయాడు. మొదటి గంటలో ముగ్గురొచ్చి పదమూడున్నర అడిగారు. కోటమ్మ పదిహేను దగ్గర నిలబడింది. వాళ్ళు వెళ్ళిపోయారు. ఎనిమిదింటికి పదమూడు అడిగారు. ఆమె కదల్లేదు. ఎండ చురుక్కుమంటోంది, పొట్టేళ్ళు నాలికలు బయటపెట్టి రొప్పుతున్నాయి. నాగుల్ మీరాకు రోడ్డు మీద ఇంకో రెండు లారీలు దుమ్ము రేపుకుంటూ రావడం కనిపించింది. మధ్యాహ్నానికి రేటు పదకొండు వేల దాకా దిగుతుందని అతనికి తెలుసు. చెబితే తక్కువకు అమ్మించడానికే చెబుతున్నాడంటుంది. చెప్పకపోతే మళ్ళీ మంగళవారం చేసిన పనే.

"ఇంకా సరుకు దిగుతోంది పిన్నీ," అన్నాడు. "ఎండెక్కే కొద్దీ రేటు జారుద్ది. పదమూడొస్తే ఇచ్చెయ్. నా మాట నమ్మకపోతే పోయి కనుక్కో, నేనిక్కడ చూస్తుంటా."

ఆమె అతన్ని, మందను మార్చి మార్చి చూసింది. మందను అతని మీద వదిలి వెళ్ళడమా అన్నది ఆమె ఆలోచన. చివరికి వెళ్ళింది. ఒక్కో మంద దగ్గర ఆగి, రేటు అడిగి, ఇంకో మంద దగ్గరికి పోవడం అతనికి ఇక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది. ఆరేడు చోట్ల ఆగింది. కొత్త లారీల దగ్గర కూడా నిలబడి చూసింది. తిరిగొచ్చి పొట్టేళ్ళను ఒకసారి కళ్ళతోనే లెక్కపెట్టుకుంది.

"నిజమే," అంది.

కాసేపటికి ఇంకో హైదరాబాదు బేరగాడు వచ్చి మందలో తిరిగి, నడుములు పట్టి చూసి, నాగుల్ మీరా ముందు నిలబడి భుజం మీది తువ్వాలు తీసి తన కుడి చేతి మీద కప్పుకుని ముందుకు చాచాడు. సంతలో బేరం అట్లాగే జరుగుతుంది. తువ్వాలు కింద చేతులు కలుస్తాయి, పట్టుకున్న వేళ్ళే ధర, పక్కనున్నవాళ్ళకు ఏమీ తెలియదు. నాగుల్ మీరా చెయ్యి అలవాటుగా లేచింది. కోటమ్మ ఆ తువ్వాలు వంక చూస్తోంది. అతను చెయ్యి దించుకున్నాడు.

"జీవాలు నావి కాదు, ఆమెవి. తువ్వాలు తీసెయ్ భాయ్. నోటితో చెప్పు, ఆమె వినాల."

బేరగాడు నవ్వి, ఇదెక్కడి పద్ధతన్నాడు. అయినా తువ్వాలు భుజాన వేసుకుని, పన్నెండున్నర అన్నాడు. కోటమ్మ పదమూడున్నర అంది. చుట్టుపక్కల వాళ్ళు తలలు తిప్పి వింటున్నారు. పదమూడు దగ్గర ఇద్దరూ ఆగారు. ఇరవై చాలు, లారీలో అంతకంటే పట్టవన్నాడతను. కోటమ్మ ఒక పొట్టేలును తనే పక్కకు లాగి కర్రకు కట్టేసింది. ఇంకొకటి దాని పక్కన మిగిలిపోయింది. ఇరవై లారీ ఎక్కేదాకా వాటి మెడల మీద చెయ్యేస్తూ నిలబడింది.

వ్యాను కిరాయి లెక్కగా అతని చేతిలో పెట్టింది. అతను వద్దన్నాడు. ఉంచుకోమంది. ఇక ఆసుపత్రికి పోవాలి, ఈ రెంటినీ మరిది కొడుకు వచ్చి తీసుకుపోతాడని చెప్పింది.

ఈ ఏడు తన ఇంట్లో ఖుర్బానీకి ఇంకా ఏదీ తీసుకోలేదని నాగుల్ మీరాకు అప్పుడు గుర్తొచ్చింది. ఒకటి తనకిమ్మని అడిగి, కర్రకు కట్టేసిన పొట్టేలు తాడు విప్పబోయాడు. రెంట్లో అదే నిండుగా ఉంది.

కోటమ్మ అతని చెయ్యి పట్టి ఆపింది.

"అది వద్దు. దానికి ఎడం కన్ను చూపు లేదు. చూస్తే తెలవదు. మీ పండక్కి కన్ను లేంది పనికిరాదంటారు గదా." ఆమె అతని చెయ్యి వదిలింది. "మంగళవారం నాడే చెప్పాల్సింది. ఇరవై రెండూ ఒక్కసారి పోతయ్యని చెప్పలా."

నాగుల్ మీరా పొట్టేలు ఎడమ కంటి ముందు అరచెయ్యి ఊపాడు. రెప్ప పడలేదు. పద్దెనిమిదేళ్ళుగా పళ్ళు చూసి, నడుము చూసి కొన్న మనిషి ఆ కంటిని చూడనేలేదు. అతను తాడు మళ్ళీ కర్రకు కట్టేసి, రెండో దాని తాడు పట్టుకున్నాడు. ఎంతకిస్తావని అడిగాడు.

"అదే రేటు," అంది కోటమ్మ. "రూపాయి తగ్గను."

అతను తగ్గించమని అడగలేదు.